సమాధుల జోలి మనకేల యనువారికి

గడచిన మహాలయ అమావాస్యకు మరునాడు మన సంఘపు పెద్దలలో ఒకరు నన్ను ఇంటికి పిలిపించి, "నాయనా, బ్రదికియున్న బిడ్డలకు తెలుగు చెప్పు పంతులు లేక మనము ఏడ్చుచుండగా నీవు చచ్చినవారి గోతులు వెదకుచు కచేరీల వెంట తిరుగుచున్నావట. ఈ సమాధుల జోలి మనకేల?" అని మందలించిరి. వారు నాకు పితృసమానులు. నా పెండ్లినాడు వారి చేతి అక్షింతలు నా తలపై పడినవి. ఆనాడు ఎదురాడక కాఫీ త్రాగి లేచి వచ్చితిని. ఆడవలసిన మాట ఇప్పుడు పత్రికాముఖమున ఆడుచున్నాను. చదువరులు ఓపికతో వినవలెను. ఇది నా యొక్కని ఇంటి గొడవ కాదు.

"మాది దహనాచారము, మాకు సమాధులెక్కడివి?" అనుమాట మనవారి నోట తరచుగా వినవచ్చును. ఈ మాట అనువారు తమ యింటి ముసలమ్మల నొక్కసారి యడిగి చూడవలసినది. దహనము చేయు కులములవారును పసిబిడ్డలను మట్టికే అప్పగింతురు. సన్న్యసించినవారికి భూస్థాపనమే విధి. మా నాయనమ్మ తొమ్మండుగురిని కని నలుగురిని పెంచినది. తక్కిన యైదుగురు ఎచ్చట నున్నారో ఆమెకు తెలియును. ఆ దారిని నడచునప్పుడెల్ల కొంగు నోటికడ్డము పెట్టుకొనెడిది. ఆమెతో ఆ తెలివియు పోయినది. ఇక వీరశైవులకు, జంగములకు, నేతవారిలో అనేక కుటుంబములకు, మాల మాదిగలకు, క్రైస్తవ సోదరులకు మట్టియే గతి. సమాధి లేని తెలుగు కుటుంబమని చెప్పుకొనువారు తమ కుటుంబమును పూర్తిగా ఎరుగనివారే.

తర్పణమునకు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరముల పేర్లు చాలును. నాలుగవవాడు మంత్రమున లేడు గనుక మనసునను లేకుండ పోయినాడు. మరచుట తప్పని నేననను, మనుష్యుడు మరచును. మరచినచోట కథ కల్పించుటయే తప్పు.

మన యిండ్లలో ఎవరినైనను అడుగుడు. "మా పూర్వులు హంపీనుండి వచ్చిరి, రాయలవారి కొలువులో దళవాయులు" అందురు. 1565లో తళ్ళికోట యుద్ధము ముగిసిన పిమ్మట దక్షిణమునకు తరలినవారిలో దళవాయులు కొందరుండిన నుండవచ్చును. కాని మన వంశవృక్షముల నన్నిటిని ఒకచోట పేర్చి చూచితినా, ఆ సేనయందు దళవాయులే తప్ప ఒక్క బంటైన నుండినట్లు తోచదు. గుఱ్ఱమునకు గడ్డి వేసినవాడు, డేరా గుడ్డ నేసినవాడు, చెప్పులు కుట్టినవాడు ఎవరి పూర్వుడు? వారికి సంతానమే లేదా?

ఆ రాయలవారి మాటయే చూడుడు. కృష్ణదేవరాయలు గతించిన దినమేదో నిశ్చయముగా తెలియక చరిత్రకారులు బహుకాలము వాదులాడిరి. తుదకు 2022లో తుమకూరు చేరువనున్న హొన్నేనహళ్ళి యను పల్లెలో, గోపాలకృష్ణస్వామి గుడికడ నున్న కన్నడ శాసనము చదువబడగా, అది 1529 అక్టోబరు 17 అని వెలువడినది. ఆ శాసనము రాయల కీర్తిని చాటుటకు చెక్కినది కాదు. వీరప్రసన్న హనుమంతుని పూజకు ఒక పల్లెను ధారపోసిన దానపు లెక్క. చక్రవర్తి చావు పల్లెలెక్కలో ఒక మూల దొరకినది. ఆనెగొందికడ ఏటి నడుమనున్న అరువదినాలుగు కంబముల మండపమును ఆయన సమాధియని జనులు చూపుదురు. చూపుట వేరు, వ్రాత చూపుట వేరు.

ఈ భేదము మనకు తెలియకపోవుటచేతనే గదా, మన ప్రాంతములలో ఈ నడుమ మూలపురుషుల సమాధులు వానకు పుట్టగొడుగులవలె పుట్టుచున్నవి! ఒకచోట సోదెకత్తె చెప్పినది. ఒకచోట ధనికుని కలలో పెద్దాయన కనబడినాడు. వెంటనే నల్లరాతి పలక, బంగారు రంగు అక్షరములు, ఇనుప తడికె, చందాల పుస్తకము. ఆ పలకమీద తేదీ ఎచ్చటినుండి వచ్చినదని యడిగినవానిని కులద్రోహి యందురు. ఆ రాతి ఖర్చులో పదియవవంతు పెట్టినచో ఆ తాలూకాలోని పాత రిజిస్టర్లన్నియు నకలు తీయించవచ్చును.

మరచుటకు నూరేండ్లు పట్టదు. త్యాగయ్యగారి వృత్తాంతము చాలును. కాకర్లవారి బిడ్డ, తంజావూరి సీమలో పుట్టి పెరిగిన మన తెలుగువాడు, తుదిని సన్న్యసించి 1847 జనవరి 6న తిరువయ్యారులో సిద్ధి పొందిరి. కావేరి యొడ్డున బృందావనము కట్టిరి. శిష్యులు పలువురు, కీర్తి జగమంత. అయినను ఏబది యారేండ్లు తిరుగకముందే ఆ బృందావనము ఆదరణలేక పాడువడినది. 1903లో ఉమయాళ్పురము కృష్ణభాగవతారు, సుందరభాగవతారు వచ్చి దానిని బాగుచేసి రాతిపై వ్రాయించిరి. పిమ్మట బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొత్తునంతయు వెచ్చించి ఆ నేలను సమకూర్చుకొని గుడి కట్టించి 1925లో ప్రతిష్ఠ చేయించిరి. అంతటివానికే అంత అవసరమైనచో, మగ్గపు గుంటలో కూర్చుండి బ్రదుకు వెళ్ళబుచ్చిన మన ముత్తాత సంగతి చెప్పనేల?

మరి ఎచ్చట వెదకవలెను? మనలో చదువుకొన్నవారు మొదట మెకంజీ కైఫీయతుల పేరెత్తుదురు. మెకంజీ దొర కొలువులో కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఊరూర తిరిగి కరణముల దగ్గరి దండకవిలెలను, గ్రామవృత్తాంతములను ప్రోగుచేసిరి. అవి శిథిలమగుచుండగా బ్రౌను దొర నకళ్ళు వ్రాయించెను. ఆ సంపుటములు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నేటికిని గలవు. ఊరు ఎవరు కట్టించిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెంత యని అందు దొరకును. సామాన్యుని సమాధి అందు దొరకదు. ఆ సంపుటములమీద నాకు గౌరవము మెండు. కాని "కైఫీయతులలో మా వంశము లేదు, ఇక చేయునది లేదు" అని చేతులు దులుపుకొనుట సోమరితనము.

సామాన్యుడు పన్ను కట్టెను గనుక పన్నుల లెక్కలలో నున్నాడు. చచ్చిన పిమ్మట పన్ను లేని నేలలో పండుకొనెను గనుక, పన్ను లేని నేలల పట్టికలో నున్నాడు. మదరాసు రాజధానిలో 1858 మొదలుకొని జరిగిన సర్వే సెటిల్మెంట్ల రిజిస్టర్లను తెఱచినచో, ప్రతి గ్రామమునకు సర్వే నంబరు వారీగా నంజ, పుంజ, ఇనాము, పొరంబోకు అని తరగతులు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, కొసను రిమార్కుల గడి యుండును. ఆ కొస గడియే మనకు కావలసినది. "ఏరి", "బాట", "నత్తం", "శ్మశానము" అని వ్రాయబడియుండును. పెక్కుచోట్ల ఏ కులమువారి శ్మశానమో కూడ వ్రాసియుందురు. దాని తరువాతి రీసర్వే రిజిస్టరును ప్రక్కన పెట్టుకొని పాత నంబరు ఏ క్రొత్త నంబరైనదో చూడవలెను. పిదప క్షేత్రపు కొలతల పటము. 1860 ప్రాంతపు ఇనాము రిజిస్టరులో మఠములకును, సమాధుల పూజకును విడిచిన మాన్యములు కనబడును. ఫసలీకి 590 కలిపినచో ఆ జూలైతో మొదలగు సంవత్సరము వచ్చును. ఫసలీ 1290 అనగా 1880 జూలై మొదలు 1881 జూన్ వరకు. ఈ చిన్న కూడిక తెలియక కాగితము చేతనుండగనే దిక్కులు చూచువారిని కచేరీ వరండాలలో చూచితిని.

పేళ్ళ చిక్కు మాత్రము చిన్నది కాదు. అరవ లిపిలో కకారమునకు గకారమునకు ఒకటే అక్షరము, తకారమునకు దకారమునకు ఒకటే. గోపయ్య కోపయ్య యగును, దాసప్ప తాసప్ప యగును. ఇంటిపేరు వ్రాయు వాడుక అచ్చట లేదు. తండ్రి పేరులోని మొదటి యక్షరమే గతి. ఇంటిపేరుతో వెదకినచో నెల దినములు వెదకినను నీ పూర్వుడు కానరాడు. అదియునుగాక తాత పేరు మనుమనికి పెట్టు మన యాచారముచేత ఒక తరము విడిచి ఒక తరము అదే పేరు వచ్చును. సుబ్బయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు సుబ్బయ్య. ఏ సుబ్బయ్య యని రిజిస్టరు చెప్పదు.

జననమరణముల లెక్కలు మరియొక త్రోవ. మదరాసులో 1899లో ఒక చట్టము, దేశమంతటికి 1969లో ఒక చట్టము వచ్చినవి. పట్టణములలో పురపాలక సంఘములు శ్మశానముల పట్టికను, పటములను ఉంచవలెనని 1919, 1920 నాటి పురపాలక చట్టములే విధించినవి. ఆ పుస్తకము చూపుమని యడిగినవారు మనలో ఎందరు? 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయలతో అడుగవచ్చును. ఇప్పుడు కంప్యూటరులో పట్టా కనబడుచున్నది గదా యందురు. కనబడునది నేటి లెక్క. నిన్న ఆ నేల ఏమైయుండెనో అందు కానరాదు.

ఇతర రాష్ట్రములలోని మనవారికి ఒకటే చెప్పుదును: మీ ఊరు మారలేదు, మీ ఊరి కచేరీ మారినది. హోసూరు తాలూకావారు క్రిష్ణగిరిలో వెదకి లేదని తిరిగి పోవుచున్నారు. క్రిష్ణగిరి జిల్లా 2004లో పుట్టినది. అంతకుముందు ధర్మపురి, 1965కు ముందు సేలము. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనిది. ఆ కాగితములకు చిత్తూరునను అడుగవలెను. బళ్ళారి 1953 వరకు మదరాసు రాష్ట్రములోనిదే. బరంపురము మొదలగు గంజాము ప్రాంతములు 1936లో ఒరిస్సాలో చేరినవి; అచ్చటి మన కుటుంబముల పాత వ్యవహారములకు చెన్నపట్టణము ఎగ్మూరులోని దస్తావేజుల భాండారమునకు పోక తప్పదు. జమీందారీ గ్రామములలో సర్కారు సెటిల్మెంటు లేదు. లెక్కలు జమీందారుల కచేరీలలో ఉండెను, జమీలు రద్దయినప్పుడు సగము చెదలపాలైనవి. షోలాపురము, మరాఠవాడలవారికి మోడి లిపి చదువగల ముసలివారు అవసరము. అట్టివారు ఏటేట తగ్గిపోవుచున్నారు. కోలారువారికి రైసుగారు 1905లో అచ్చువేయించిన శాసనసంపుటమొకటి గలదు, అందు తెలుగు శాసనములును గలవు. యానామువారు అదృష్టవంతులు. ఫ్రెంచివారు చావునకు పుట్టుకకు విడువక పత్రము వ్రాసిరి. వాని ప్రతులు ఫ్రాన్సు దేశపు భాండారమువారు ఇంటినుండియే చూచునట్లు చేసిరి.

ఇంతవరకు చెప్పినది చదివి, "ఇంత తెలిసినవాడు తన యింటి సంగతి తేల్చుకొనెనా?" అని చదువరులు అడుగవచ్చును. తేల్చుకొంటిని. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదియే.

మాది నేతగాండ్ర ఊరు. పేరు చెప్పను; తెలిసినవారికి తెలియును. ఊరి చెఱువుకట్టపై పెద్ద మఱ్ఱి, దానిక్రింద నిలువు రాళ్ళు రెండు, వానిపై అడ్డురాయి యొకటి. అదే మా మూలపురుషుని సమాధియని మా తండ్రి నాకు చూపెను, ఆయన తండ్రి ఆయనకు చూపెను. ప్రతి మహాలయ అమావాస్యకు అచ్చట దీపము పెట్టుదుము. ఆరేండ్ల క్రిందట ఆ కట్టను చదునుచేసి ఉద్యానము కట్టుటకు కంచె వేయగా మా బంధువులము ఇరువది మందిమి పోయి అడ్డుపడితిమి. "రెండు వందల యేండ్ల సమాధి!" అని కేకలు వేసితిమి. అచ్చటి యధికారి మర్యాదస్థుడు. "కాగితమున్న చూపుడు" అనెను. హంపీనుండి మొదలైన మా అచ్చు వంశవృక్షమును చూపితిమి. ఆయన రెండు చేతులతో పుచ్చుకొని, చూచి, రెండు చేతులతోనే తిరిగి యిచ్చెను.

ఆ సిగ్గుతో నేను వెదకుట మొదలుపెట్టితిని. నేటి లెక్కలో ఆ నంబరు ఏరి పొరంబోకు. రీసర్వేలో ఏరి పొరంబోకు. తొలి సెటిల్మెంటులో కూడ ఏరి పొరంబోకే. అది ఎన్నడును శ్మశానము కాదు. మరి ఆ రాళ్ళేమి? ఊరిలో తొంబది యేండ్ల అరవ ముదుసలి నవ్వుచు చెప్పెను: అది సుమైతాంగి. నెత్తిమీది బరువును దారినపోవువారు ఇంకొకరి సాయములేక దింపుకొనుటకు నిలుపు రాయి. కడుపుతో చనిపోయిన స్త్రీ పేర ఆ భారము తీరుటకై అట్టి రాళ్ళు నిలుపుట అరవనాట ఆచారము. ఏ తల్లి పేరనో నిలిపిన రాతికి మేము మూడు తరములు దీపము పెట్టితిమి. అందువలన నాకు చింత లేదు. ఆమెకు ఎవరును పెట్టని దీపము మావలన వెలిగినది. ఆ రాళ్ళను కదలింపరాదని నేనిచ్చిన అర్జీ అంగీకరింపబడినది; అవి ఇప్పుడు ఉద్యానములో నున్నవి.

శ్మశానమెచ్చట? తొలి సెటిల్మెంటులో ఊరికి ఈశాన్యమున వేరొక నంబరు, మూడు సబ్-డివిజన్లు. మొదటిదానికి ఎదుట రిమార్కుల గడిలో మా కులము పేరున్నది. నేడు అందు సగము నీళ్ళ ట్యాంకు, సగము ముళ్ళకంపలు. కంప కొట్టించి వెదకగా తెలుగు అక్షరముల రాయి యొకటి బయటపడినది. సగము విరిగినది. "ప్రమాదీచ" అని సంవత్సరము పేరు, మా ముత్తాత పేరు. నాకు గుండె ఝల్లుమన్నది. కాని పైన చెప్పిన చిక్కే యిచ్చటను ఎదురైనది. మా ముత్తాత పేరే ఆయన తాతకును గలదు. ప్రమాదీచ 1853లో నొకసారి, 1913లో నొకసారి వచ్చినది. 1913, 1914 సంవత్సరముల మరణముల పుస్తకములు అదృష్టవశమున మిగిలియున్నవి. పుట పుటయు చూచితిని, ఆ పేరు లేదు. కనుక రాయి పెద్దాయనదే యని యూహించుచున్నాను. ఊహయే, నిశ్చయమని పలక చెక్కించను.

ఇచ్చటితో ఆగియున్నచో మన పెద్దలు నన్ను మెచ్చుకొని సన్మానము చేసియుందురు. నేను మూడవ సబ్-డివిజను కూడ చూచితిని. దాని యెదుట రిమార్కుల గడిలో నాటి గుమాస్తా వ్రాసిన కులనామము నేడు మర్యాదస్థులు పలుకదగినది కాదు. అది అరుంధతీయుల శ్మశానము. ఆ కాలమున మా ఊరి బావులకు కపిల తోలు కుట్టినవారు, మా పశువుల కళేబరములు మోసినవారు, మాతోపాటు తెలుగు మాటలాడుచు ఈ సీమకు వచ్చినవారు. రీసర్వేలో కూడ అది శ్మశానమే. 1979లో మొదలై 1987 వరకు సాగిన పట్టాల సవరణ రిజిస్టరులో ఆ సబ్-డివిజను పుంజ నేల. తరగతి మార్చుచు ఏ యుత్తరువును ఉదాహరింపబడలేదు. పట్టాదారు పేరు గడిలో ఉన్నది మా తాతగారి పేరు.

శ్మశాన పొరంబోకును తరగతి మార్చనిదే ఎవరికిని పట్టా ఇచ్చుటకు వీలులేదు. తాతగారికి ఎట్లు వచ్చినదో వ్రాతలో లేదు. నాటి గ్రామాధికారి ఆయన చెలికాడని మాత్రము ఇంటిలో అందరికిని తెలియును. ఆ నేలమీద మా మరమగ్గముల షెడ్డున్నది. దాని యద్దెతో నేను కాలేజీ చదివితిని.

అరుంధతీయుల వీధికి పోయి పెద్దమనిషి నడిగితిని. ఆయన నాతో తెలుగులోనే మాటలాడెను. నా పిల్లలకంటె శుద్ధమైన తెలుగు. "మాకు తెలుసు సామీ. మా అవ్వ ఆడనే ఉండాది. మీ తాతని అడిగేదానికి మాకు నోరు యాడిది?" అనెను. మరి తరువాత ఎచ్చట పాతిపెట్టుచున్నారని అడిగితిని. వాగు యొడ్డున. పెద్ద వరద వచ్చిన యేట ఎముకలు పైకి తేలినవని ఆయన చెప్పునప్పుడు ఆయన గొంతులో కోపము లేదు. ఉండియుండిన నాకు కొంత తేలికగా నుండెడిది.

ఈ సంగతి నేను సంఘపు పెద్దలకు విన్నవించినది మహాలయమునకు ముందే. అందుచేతనే నన్ను పిలిపించిరి. "సమాధుల జోలి మనకేల" అను మాటకు అర్థము తెలుగు బడి కాదు. ఆ బడి పేరు చెప్పి మూయదలచినది ఈ రిజిస్టరు. వారు మరియొక మాటయు అనిరి: "మనము అల్పసంఖ్యాకులము. మనలో మనకు తగవున్నదని తెలిసినచో సర్కారువారు మన మాట వినరు. పత్రికలో వ్రాయకుము."

ఈ వాదమునకు నేను సమాధానము చెప్పవలసియున్నది. రాజ్యాంగమునందు 1956 నాటి సవరణచే చేరిన 350-ఎ, 350-బి అధికరణములను పట్టుకొని మనము అర్జీలు వ్రాయుచున్నాము. మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనందుము. 2006 నాటి తమిళ విద్యాచట్టమువలన మన పిల్లలకు కష్టము కలిగినదని మొరపెట్టుకొందుము. న్యాయమైన మొర, నేనును సంతకము చేసినవాడనే. ఆ అర్జీలలో "ఈ రాష్ట్రమున తెలుగువారు ఇందరు లక్షలు" అని లెక్క వ్రాయునప్పుడు అరుంధతీయులను కలుపుకొందుమా, మానుదుమా? కలుపుకొందుము. వారిని తీసివేసి లెక్క చెప్పుమనిన మన పెద్దలలో ఒక్కరును ఒప్పుకొనరు. లెక్కకు తెలుగువారైనవారు వల్లకాటికి తెలుగువారు కారా? వారికి 2009లో ఈ రాష్ట్రమున నూటికి మూడు వంతులు ప్రత్యేకించినప్పుడు మన సభలలో "మన తెలుగువారికి లభించినది" అని చప్పట్లు కొట్టితిమి. ఆ చప్పట్లు కొట్టిన చేతులలో పట్టా కాగితమున్నది.

ఇక "తాతను బజారున పెట్టితివి" అను నింద. తాతగారు నాకు ఆస్తి యిచ్చిరి, ఓనమాలు దిద్దించిరి, వారి తద్దినము నేను విడువను. ఆయన చేసిన మేలును లెక్కలోనికి తీసుకొందును గనుక ఆయన చేసిన కీడును లెక్కలోనికి తీసుకొనవలెను. పితౄణము అప్పు అని గదా చెప్పుదురు? ఆస్తి పంచుకొనునప్పుడు అప్పును పంచుకొనకుండుట ఏ ధర్మశాస్త్రమున నున్నదో పెద్దలు సెలవియ్యవలెను.

మరియొక సంగతి. ఇది మా ఊరియందే జరిగినదని యెవరును ఊరడిల్లరాదు. కరణము, మునసబు ఉద్యోగములు ఈ రాష్ట్రమున 1980లో రద్దయినవి. నాటి లెక్కల కట్టలు కొన్ని కచేరీకి చేరినవి, కొన్ని ఆ యిండ్ల అటకలపైననే మిగిలినవి. మనవారిలో కరణీకము చేసిన కుటుంబములు గలవు. ఆ అటకలపై ఏమున్నదో వారికి తెలియును. వంశవృక్షము అచ్చువేయించుటకు ముందు ఆ కట్టలు దింపి చూడుడు. మూడు సబ్-డివిజన్లను మూడు తరముల రిజిస్టర్లలో చూడుడు. మొదటిది మాత్రమే చూచి మూయువారు వెదకనట్లే.

ఇప్పుడు మా సంగతి ఎచ్చట నిలిచినదో చెప్పి ముగింతును. ఆ సబ్-డివిజను పట్టాను రద్దుచేసి తిరిగి శ్మశానముగా నమోదు చేయుమని తహసీల్దారు కచేరీలో అర్జీ పెట్టితిమి. షెడ్డు అద్దెదారుకు ఆరు నెలల గడువిచ్చితిమి. పట్టాకు వారసులము నలుగురము. నేనును, మా అక్కయ్యయు సంతకము చేసితిమి. పెదనాయనగారి కుమారుడు బెంగుళూరినుండి తన సంతకమును తపాలలో పంపెను. దానితోపాటు నన్ను తిట్టుచు నాలుగు పుటల ఉత్తరమును పంపెను. రెండును భద్రముగా దాచితిని. మిగిలినది మా చిన్నాయనగారి సంతకము. ఆయన ఇంటికి నాలుగుసార్లు పోయితిని. నాలుగుసార్లును పూజలో నున్నారని చెప్పిరి. విచారణ వచ్చే నెలలో నున్నది. చిన్నాయనగారు ఈ పత్రికకు జీవితచందాదారులు. మొదటి పుటనుండి కడపటి పుటవరకు చదువుదురు.